పాత నికాన్ లెన్సులున్నవారు జాగ్రత్త: ‘పడుతుంది’ అంటే ‘పనిచేస్తుంది’ అని కాదట

నిన్న సాయంత్రం జరిగిన సంగతి ఇది. కోపం ఇంకా దిగలేదు కనుక ఎక్కడైనా మాట తూలితే మన్నించండి. కొట్టు పేరు రాయను. విజయవాడలో కెమెరాలు కొనే మనవాళ్లకు ‘ఎక్స్ఛేంజికి మంచి రేటు ఇస్తాడు’ అంటే చాలు, ఎవరో అర్థమైపోతుంది. నన్ను అక్కడికి పంపించినదీ మనలో ఒకరే.

పదకొండేళ్లు వాడిన నికాన్ డీ7000 కెమెరాను 9 వేలకు ఇచ్చేసి, నికాన్‌దే కొత్త రకం జెడ్6-టూ బాడీని (అంటే లెన్సు లేని ఒట్టి కెమెరాను), దానికి పాత లెన్సులు తగిలించుకోవడానికి ఎఫ్‌టీజెడ్-టూ అడాప్టర్‌ను తీసుకున్నాను. నా దగ్గరున్న లెన్సులు మూడు: డీ7000తో వచ్చిన 18-105, ఏఎఫ్ (అంటే ఆటోఫోకస్) 50 1.8డీ, దూరాన్ని దగ్గర చేసే ఏఎఫ్ 80-200 2.8డీ. ఆటపాకలో గూడబాతులను తీసినా, బంధువుల ఇళ్లలో పెళ్లిళ్లు తీసినా ఆ చివరి లెన్సుతోనే.

కొనేముందు నేను అడిగినది ఒక్కటే: ఈ మూడూ దీనికి పనిచేస్తాయా? అతను 18-105ను అడాప్టర్‌కు బిగించి, బటన్ సగం నొక్కి, ఎదురుగా గోడమీదున్న గడియారం మీద ఫోకస్ కుదిరిందని చెప్పే ఆకుపచ్చ గడి వెలిగించి చూపించాడు. “నికాన్ మౌంటు 1959 నుంచీ అదే సార్, అన్నీ పడతాయి” అన్నాడు. మౌంటు అంటే లెన్సు కెమెరాకు బిగిసే చోటు. 80-200 నా భుజానున్న సంచిలోనే ఉంది. తీసి తగిలించి చూడటానికి అర నిమిషం పట్టేది. తీయలేదు.

ఇంటికి వచ్చి తగిలిస్తే, ఇన్నేళ్లుగా విన్న ఆ కిర్రుమనే చప్పుడు రాలేదు. ఫోకస్ ఎక్కడిదక్కడే ఉంది. రాత్రి ఒంటిగంట దాకా చదివితే తెలిసినదేమిటంటే, పేరులో ఏఎఫ్-ఎస్ అని లేకుండా ఒట్టి ఏఎఫ్ అని ఉన్న ఈ పాత లెన్సుల్లో మోటారు ఉండదు. మౌంటు అంచున స్క్రూ తల మీద ఉన్నట్లు చిన్న గాడి ఉంటుంది, బాడీలోని మోటారు తన కొసను ఆ గాడిలో దూర్చి తిప్పితేనే ఫోకస్ కదులుతుంది. డీ7000లో ఆ మోటారు ఉంది, అడాప్టర్‌లో లేదు. ఎక్స్‌పోజరు సక్రమంగానే వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. కంపెనీ దీన్ని దాచలేదు కూడా. 2006లో డీ40 కెమెరాతోనే చౌక బాడీల్లోంచి మోటారు తీసేసింది, 2018లో కొత్తగా జెడ్ మౌంటు తెచ్చినప్పుడు అడాప్టర్‌లోనూ పెట్టలేదు. కానన్ 1987లోనే పాత మౌంటును వదిలేసి మోటారును లెన్సులోకే చేర్చింది కనుక, ఆ ఈఎఫ్ లెన్సులున్న వారికి ఈ బాధ లేదు. సోనీ అయితే 2020లో మోటారున్న అడాప్టరే తెచ్చింది, అదీ కొన్ని బాడీలకే అనుకోండి. ఇవన్నీ డబ్బు కట్టక ముందు చదవవలసినవి. ఇరవై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్న పెద్దమనిషిని కదా, నాకు ఎందుకు!

నిన్న సాయంత్రం మళ్లీ ఆ కొట్టుకు వెళ్లి లెన్సును కౌంటర్ మీద పెట్టాను. అతను ఫోనులోంచి తల ఎత్తకుండానే అన్నాడు: “లెన్సు పడుతుందన్నాను సార్. పట్టిందా లేదా? ఆటోఫోకస్ అవుతుందని నేనెప్పుడైనా అన్నానా?” పక్కనున్న కుర్రాడు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. సీలు తీసిన అడాప్టర్ వాపసు తీసుకోరట, కావాలంటే 80-200ను కూడా 8 వేలకు తీసుకుంటారట. అప్పుడు అద్దాల అరలో నా డీ7000 కనిపించింది. అడుగు మూల రబ్బరు ఊడితే నేను అంటించిన నల్ల టేపు అలాగే ఉంది, దాని మీద 17,500 అని చీటీ. నేను అటు చూడటం గమనించి అతను ఎంతో దయగా అన్నాడు: “పోనీ అది తీసుకోండి సార్, మీ లెన్సుకు బ్రహ్మాండంగా ఫోకస్ అవుతుంది. దాంట్లో మోటారు ఉంది.”

అంటే మోటారు సంగతి అతనికి తెలుసు. నేను డబ్బు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు కూడా తెలుసు. డబ్బు పోయినదానికన్నా ఆ ఒక్క మాటే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామని బిల్లు తీస్తే, అది బిల్లు కాదు, ఎస్టిమేట్ అని రాసి ఉన్న చీటీ. అదీ నా తెలివి.

కనుక మీ లెన్సు మీద ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పీ గానీ (రెండూ లెన్సులోనే మోటారున్నవి) ఉందో లేదో చూసుకోండి, ప్రతి లెన్సునూ కొట్టులోనే తగిలించి చూడండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి, అంతవరకు పాత బాడీని చేయి జారనివ్వకండి.

ఈ ఆదివారం గుంటూరులో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఉంది. డీ7000 గానీ డీ750 గానీ ఎవరి దగ్గరైనా రెండు రోజులు అద్దెకు దొరుకుతుందేమో చెప్పండి, ఆ అద్దాల అరలో ఉన్నది తప్ప.