మెట్రోపాలిటన్ డివిజన్ ఊళ్లలో హాకీ చలికాలం: ఏ మ్యాచ్‌కి వెళ్లాలి, ఎక్కడ దిగాలి

ఐస్ హాకీ ఒకసారి నేరుగా చూడాలనుకునే మనవాళ్లు సాధారణంగా ఏ అరీనా బాగుంటుందని అడుగుతారు. నన్నడిగితే ముందు ఎవరితో ఎవరు ఆడుతున్నారో చూసి, ఆ తర్వాతే ఊరు ఎంచుకోవాలి. సరైన ప్రత్యర్థి వచ్చిన రోజున చివరి వరుసలో కూర్చున్నా ఒళ్లు పులకరిస్తుంది. అనామక జట్టుతో మంగళవారం మ్యాచ్ అయితే, మంచు చుట్టూ ఉండే గాజు పక్కన సీటు కొన్నా ఫోన్ చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మాకు ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్ల ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) లోని మెట్రోపాలిటన్ డివిజన్ దాదాపు గుమ్మం ముందే ఉంది. ఎనిమిది జట్లలో అయిదింటి దగ్గరికి రైల్లోనే వెళ్లి రావచ్చు. మా మేనల్లుడు న్యూజెర్సీ జట్టు డెవిల్స్‌కి వీరాభిమాని. వాడి పోరు పడలేక మొదలుపెట్టిన తిరుగుళ్లు ఇవన్నీ.

డివిజన్‌కి ఈ పేరు 2013లో వచ్చింది కానీ, తగాదాలు అంతకన్నా చాలా పాతవి. 1974లో పాట్రిక్ డివిజన్ అని ఒకటి ఏర్పడింది. న్యూయార్క్ రేంజర్స్, ఐలాండర్స్, ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ మొదటి నుంచీ అందులోవే. వాషింగ్టన్, పిట్స్‌బర్గ్, న్యూజెర్సీ తర్వాత చేరాయి. 1982 నుంచి 1993 దాకా ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) మొదటి రెండు రౌండ్లూ డివిజన్ లోపలే ఆడాలన్న నియమం ఉండేది. అంటే ప్రతి ఏప్రిల్‌లోనూ అవే మొహాలు, అవే పాత కక్షలు. చాలా ఊళ్ల మధ్య దూరం నాలుగైదు గంటలే కాబట్టి ఓడిన జట్టు అభిమాని ఇంటికొచ్చి ప్రశాంతంగా ఉండే వీల్లేదు. పక్క క్యూబికల్‌లోనే గెలిచిన జట్టు అభిమాని కూర్చుని ఉంటాడు. 2013 మార్పులతో ఆ పాత పద్ధతి చాలావరకు తిరిగి వచ్చింది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా న్యూవార్క్. మా దగ్గరి మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కి న్యూవార్క్ పెన్ స్టేషన్‌లో దిగితే, డెవిల్స్ ఆడే ప్రుడెన్షియల్ సెంటర్‌కి నాలుగడుగుల నడక. 2007లో తెరిచిన అరీనా కాబట్టి మెట్లు, నడవాలు విశాలంగా ఉంటాయి. పెద్దవాళ్లని తీసుకెళ్లినా ఇబ్బంది పడరు. లోపల మనకి పనికొచ్చే తిండి ఫ్రైస్, ప్రెట్జెల్, చీజ్ పిజ్జా. కొంచెం ముందు బయల్దేరితే స్టేషన్‌కి అవతలి వైపు ఐరన్‌బౌండ్ పేటలో పోర్చుగీసు, బ్రెజిల్ హోటళ్లు వరసగా ఉన్నాయి. మాంసం తినేవాళ్లకి అక్కడ పండగే. శాకాహారులు ఇంట్లో తిని వెళ్లడం మేలు.

డెవిల్స్ ఇక్కడి జట్టుగా పుట్టలేదు. 1974లో కేన్సస్ సిటీలో మొదలై, కొలరాడో మీదుగా 1982లో న్యూజెర్సీ చేరింది. తమ ఇలాకాలో అడుగుపెట్టినందుకు రేంజర్స్, ఐలాండర్స్, ఫ్లయర్స్‌కి నష్టపరిహారం కూడా కట్టాల్సి వచ్చింది. అందుకే రేంజర్స్ వచ్చిన రోజు చూడాలి ఆ హాలు. డెవిల్స్ ఎరుపు ఎంతో రేంజర్స్ నీలం అంత. ఇక్కడి తండ్రులు చాలామంది డెవిల్స్ రాకముందే రేంజర్స్ అభిమానులు. పిల్లలు డెవిల్స్ చొక్కా, తండ్రులు రేంజర్స్ చొక్కా వేసుకుని పక్కపక్కనే కూర్చుంటారు.

ఈ రెండు జట్ల మధ్య 1994 గాయం ఇంకా మానలేదు. కాన్ఫరెన్స్ ఫైనల్లో (ఏడు మ్యాచ్‌ల సెమీఫైనల్ లాంటిది) డెవిల్స్ 3-2 ఆధిక్యంలో ఉన్నప్పుడు, రేంజర్స్ కెప్టెన్ మార్క్ మెస్సియే ఆరో మ్యాచ్ మేమే గెలుస్తామని పత్రికల వాళ్లకి ముందే చెప్పేశాడు. ఆ మ్యాచ్‌లో డెవిల్స్ 2-0తో ముందుకెళ్లారు. తర్వాత మెస్సియే ఆటలో చివరిదైన మూడో పీరియడ్‌లోనే మూడు గోల్స్ కొట్టాడు, రేంజర్స్ 4-2తో గెలిచింది. ఏడో మ్యాచ్‌లో ఇంకో ఎనిమిది సెకన్లు కూడా మిగలని వేళ డెవిల్స్ స్కోరు సమం చేశారు. చివరికి రెండో ఓవర్‌టైమ్‌లో (అదనపు సమయంలో) స్టెఫాన్ మాటో గోల్‌తో రేంజర్స్ గట్టెక్కింది. ఆ ఏడు 54 ఏళ్ల తర్వాత లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా అందుకుంది. మరుసటేడు కప్ డెవిల్స్‌ది. అయినా మాటో పేరెత్తితే మా మేనల్లుడు, అప్పటికి వాడింకా పుట్టకపోయినా, "మావయ్యా, ఆ టాపిక్ వద్దు" అంటాడు.

రేంజర్స్ ఆడే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కి పేరు ఎక్కువ, టికెట్ ధర ఇంకా ఎక్కువ. న్యూయార్క్ పెన్ స్టేషన్ నెత్తిమీదే ఉంటుంది కాబట్టి రైలు దిగి మెట్లెక్కితే చాలు. రింక్ (ఆడే మంచు మైదానం) ఐదో అంతస్తు ఎత్తులో ఉంటుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. పైభాగంలో వేలాడే వంతెనల వల్ల కొన్ని వెనక వరుసలకి పెద్ద తెర సరిగ్గా కనిపించదు. బుక్ చేసే ముందు ఆ సీటు నుంచి తీసిన ఫోటో వెతుక్కోండి. ఐలాండర్స్ ఊళ్లో లేకపోయినా అక్కడ "పాట్విన్" అని అరుపులు వినిపిస్తాయి. 1979లో ఐలాండర్స్ ఆటగాడు డెనిస్ పాట్విన్ ఢీకొట్టడంతో రేంజర్స్‌కి చెందిన ఉల్ఫ్ నిల్సన్ చీలమండ విరిగింది. పాట్విన్ రిటైరై దశాబ్దాలైంది, తిట్టు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఐలాండర్స్ 1980 నుంచి 1983 దాకా వరసగా నాలుగు కప్‌లు గెలిచిన జట్టు. 2021లో ఎల్మాంట్‌లో కట్టిన యూబీఎస్ అరీనా ఇప్పుడు వాళ్ల ఇల్లు. కూర్చునే సౌకర్యం, మంచుకి దగ్గరగా ఉన్నామన్న అనుభూతి చూస్తే న్యూయార్క్ చుట్టుపక్కల నాకిదే ఎక్కువ నచ్చింది. న్యూజెర్సీ నుంచి వెళ్లేవాళ్లకి చిక్కల్లా తిరుగు ప్రయాణమే. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో రైలు మారి, ఆట అయ్యాక మళ్లీ రెండు రైళ్ల టైమ్ కలుపుకోవాలి. ఓవర్‌టైమ్ పడితే టెన్షన్ తప్పదు. శనివారం మధ్యాహ్నం మ్యాచ్ దొరికితే వెళ్లండి. వాషింగ్టన్ ఆటగాడు అలెక్స్ ఒవెచ్‌కిన్ 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ కొట్టి లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసిన వేన్ గ్రెట్స్‌కీ రికార్డు దాటింది ఈ రింక్‌లోనే. ప్రత్యర్థి గడ్డ మీద ఆట ఆపి సంబరం చేసుకున్నారు, ఐలాండర్స్ జనం కూడా లేచి చప్పట్లు కొట్టారు.

ఫిలడెల్ఫియాకి ట్రెంటన్‌లో రైలు మారి వెళ్లడం చవక. సిటీ హాల్ దగ్గర బ్రాడ్ స్ట్రీట్ సబ్‌వే ఎక్కితే చివరి స్టేషన్‌లోనే అరీనా, 2025 నుంచి దాని పేరు ఎక్స్‌ఫినిటీ మొబైల్ అరీనా. 1974, 75లో కప్ గెలిచిన ఫ్లయర్స్‌ని బ్రాడ్ స్ట్రీట్ రౌడీలనేవారు. 1976 జనవరిలో మాస్కో రెడ్ ఆర్మీ జట్టు వీళ్ల మోటు దెబ్బలు తట్టుకోలేక మధ్యలో మంచు వదిలి వెళ్లిపోయింది. తర్వాత తిరిగొచ్చి 4-1తో ఓడింది. జనంలో ఆ మోటుతనం ఇంకా ఉంది. ప్రత్యర్థి జెర్సీ వేసుకుని వెళ్తే మాటలు పడాలి, అందులో కసి కన్నా సరదా ఎక్కువ. మరీ చిన్న పిల్లలుంటే మామూలు జాకెట్ వేయండి.

పిట్స్‌బర్గ్ సంగతి వేరు. కారులో అయిదున్నర, ఆరు గంటలు. టర్న్‌పైక్ టోల్ బాగా పడుతుంది, బడ్జెట్‌లో ముందే వేసుకోండి. ఒక రాత్రి ఉండక తప్పదు. మేము మొదట హైవే పక్కన చవక గదిలో దిగాం. సిగరెట్ వాసన, హీటర్ మోత, నిద్ర లేదు. ఆ తర్వాత నుంచి మన్రోవిల్‌లోనే దిగుతున్నాం. అక్కడి నుంచి పెన్‌హిల్స్ వేంకటేశ్వరుడి గుడి దగ్గర. 1970ల్లో కట్టిన ఆ గుడికి అమెరికా నలుమూలల నుంచీ తెలుగువాళ్లు వస్తారు. పొద్దున దర్శనం, క్యాంటీన్లో పులిహోర, సాయంత్రం హాకీ. ఇంట్లో హాకీ అంటే మొహం చిట్లించేవాళ్లని ఒప్పించడానికి ఇంతకంటే మంచి ప్లాన్ నాకు తట్టలేదు. కాకపోతే మన్రోవిల్ నుంచి డౌన్‌టౌన్‌కి స్క్విరల్ హిల్ సొరంగం దాటాలి, సాయంత్రం అక్కడ ట్రాఫిక్ నత్తనడక. ఒక గంట ముందే బయల్దేరి కారు డౌన్‌టౌన్‌లో పెట్టేయండి. డౌన్‌టౌన్ లోపల ట్రామ్ ఉచితం, స్టీల్ ప్లాజా స్టేషన్‌లో దిగితే పిట్స్‌బర్గ్ జట్టు పెంగ్విన్స్ ఆడే పీపీజీ పెయింట్స్ అరీనా నడక దూరమే.

ఈ జట్టు బతికి బట్టకట్టడమే ఒక కథ. 1998లో పెంగ్విన్స్ దివాలా తీస్తే, స్టార్ ఆటగాడు మారియో లెమ్యూ తనకి రావాల్సిన జీతం బాకీని వాటాగా మార్చుకుని 1999లో యజమాని అయ్యాడు. మరుసటి ఏడాది చివర్లో మళ్లీ స్కేట్లు కట్టి సొంత జట్టుకి ఆడాడు. ఇక్కడ చూడాల్సింది ఫ్లయర్స్‌తో మ్యాచ్. 2000 మే 4న ఈ రెండు జట్ల ఆట అయిదో ఓవర్‌టైమ్ దాకా సాగి, తెల్లవారుజామున కీత్ ప్రీమో గోల్‌తో ఫ్లయర్స్ గెలిచింది. వాషింగ్టన్ వచ్చినా వదలొద్దు. 2009లో పెంగ్విన్స్ ఆటగాడు సిడ్నీ క్రాస్బీ, ఒవెచ్‌కిన్ ఒకే ప్లేఆఫ్ మ్యాచ్‌లో చెరో హ్యాట్రిక్ (మూడేసి గోల్స్) కొట్టారు. 2016, 2017లో పెంగ్విన్స్ చేతిలో ఇంటిదారి పట్టిన వాషింగ్టన్ జట్టు క్యాపిటల్స్, 2018లో వాళ్లనే ఓడించి తమ మొదటి కప్ దాకా వెళ్లారు.

వాషింగ్టన్‌లో యూనియన్ స్టేషన్ దగ్గర రెడ్ లైన్ మెట్రో ఎక్కితే రెండో స్టేషన్‌లో అరీనా. స్మిత్‌సోనియన్ మ్యూజియంలన్నీ ఉచితం కాబట్టి పిల్లలతో రెండు రోజులు హాయిగా గడుస్తాయి.

కొలంబస్ (ఒహాయో), రాలీ (నార్త్ కరొలైనా) మిగిలాయి. కొలంబస్‌లో జట్టు గోల్ కొట్టినప్పుడల్లా ఫిరంగి పేలుస్తారు, పసిపిల్లలున్న ఇంటివాళ్లు ఆలోచించుకోవాలి. రాలీలోని కరొలైనా జట్టు 1997 దాకా హార్ట్‌ఫర్డ్‌లో ఉండేది, 2006లో కప్ గెలిచింది. దగ్గరే కేరీలో బోలెడుమంది మనవాళ్లు, ఒక వేంకటేశ్వరుడి గుడి కూడా ఉంది. డెవిల్స్ అక్కడికి ఎప్పుడు వెళ్తున్నారో మా వాడు షెడ్యూల్ చూస్తున్నాడు.