ఎముకలకు పాకిన క్యాన్సర్: ఆయుష్షు అంచనాకు ఏ పద్ధతి మేలు?

పాడేరు నుంచో, పార్వతీపురం నుంచో భరించలేని ఎముక నొప్పితో విశాఖపట్నంలోని కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వచ్చిన రోగికి రేడియేషన్ ఒకే సిట్టింగులో 8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇవ్వాలా, రెండు వారాల పాటు పది సిట్టింగుల్లో 30 గ్రే ఇవ్వాలా అన్నది, ఆ మనిషి ఇంకెంత కాలం బతికే అవకాశం ఉందన్న అంచనా మీద కొంతవరకు ఆధారపడి ఉంటుంది. నొప్పిని తగ్గించడంలో రెండూ సమానమేనని పలు దేశాల అధ్యయనాలు తేల్చాయి. తేడా అల్లా తర్వాతే కనిపిస్తుంది. అదే చోట మళ్లీ రేడియేషన్ అవసరమయ్యేది ఒక్క సిట్టింగు తీసుకున్నవారిలో నూటికి సుమారు 20 మందికి, ఎక్కువ సిట్టింగులు తీసుకున్నవారిలో 8 మందికి. ఆ అవసరం వచ్చేదాకా రోగి ఉంటాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

డాక్టరు కంటి అంచనాకు ఖర్చు లేదు, కాగితం అక్కర్లేదు. కానీ అది ఎక్కువగా ఆశ వైపే మొగ్గుతుంది. 2000లో అమెరికాలోని షికాగోలో 468 మంది అంతిమదశ రోగుల విషయంలో వైద్యులు చెప్పిన గడువులను పరిశీలించగా, సరిపోయినవి 20 శాతమే. 63 శాతం అంచనాలు అసలు గడువును మించి ఉన్నాయి. రోగితో పరిచయం పెరిగేకొద్దీ అంచనా మరింత తప్పుతోందని కూడా అందులో తేలింది. ఏళ్ల తరబడి చూస్తున్న డాక్టరుగారి మాటే ఖాయమని నమ్మే మన కుటుంబాలు ఈ సంగతి గమనించాలి.

1996–98లో నెదర్లాండ్స్‌లో ఎముక నొప్పికి రేడియేషన్ తీసుకున్న 1157 మంది వివరాల ఆధారంగా 2014లో వెలువడిన పద్ధతి రెండే ప్రశ్నలు అడుగుతుంది: క్యాన్సర్ మొదట ఏ అవయవంలో పుట్టింది, రోగి కార్నాఫ్‌స్కీ స్కోరు ఎంత. ఇంకా ఎన్నో అంశాలు కలిపిన పెద్ద నమూనా దీనికంటే చెప్పుకోదగ్గ మేలేమీ చేయలేదు. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో 100 నుంచి కిందికి కొలిచేదే కార్నాఫ్‌స్కీ స్కోరు. ఉద్యోగం, శ్రమ చేయలేకపోయినా తన పని తాను చూసుకుంటే 70, అప్పుడప్పుడు సాయం కావలసివస్తే 60. స్నానం ఎవరు చేయిస్తున్నారు, బాత్రూమ్‌కు తనే నడిచి వెళ్తున్నాడా అని ఇంట్లోవాళ్లను అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇక్కడొక చిక్కుంది. తొడ ఎముక నొప్పితో మంచం పట్టినవాడికీ, రోగం ముదిరి నీరసించి మంచం పట్టినవాడికీ స్కోరు ఒకటే వస్తుంది, ఆయుష్షు మాత్రం ఒకటి కాదు. అందుకే నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్రలు పనిచేయడం మొదలయ్యాక మరోసారి కొలవడం న్యాయం. రెండో చిక్కు కాలానిది: ఆనాటి లెక్కల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే తక్కువ గడువే, ఇప్పుడు ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉండి, దానికి తగిన మాత్రలు వాడుతున్నవారిలో కొందరు ఏళ్లపాటు ఉంటున్నారు.

టొరంటో వైద్యుల పద్ధతి మూడు అంశాలు చూస్తుంది: రొమ్ము క్యాన్సర్ కాకపోవడం, ఎముకలతో పాటు ఇతర అవయవాలకూ వ్యాపించడం, కార్నాఫ్‌స్కీ 60 లేదా అంతకన్నా తక్కువ ఉండడం. వీటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు. కాలేయానికో, ఊపిరితిత్తులకో వ్యాపించిందా అన్నది కలిపినందువల్ల, స్కాన్ చేతిలో ఉన్న రోగికి నేను దీన్నే ఎంచుకుంటాను.

అమెరికాలో 2014లోనే వచ్చిన టీచ్ నమూనా క్యాన్సర్ రకం, రోజువారీ శక్తి, వయసు, అంతకుముందు తీసుకున్న కీమోలు, గత మూడు నెలల్లో ఆసుపత్రిలో చేరడం, కాలేయ వ్యాప్తి అనే ఆరింటిని అడుగుతుంది. రెండు కొసలను బాగా విడదీస్తుంది: ఒక కొసన ఆయుష్షు సుమారుగా 20 నెలలు, మరో కొసన రెండు నెలల లోపు. అయితే ఇది ఎముక నొప్పికని ప్రత్యేకించినది కాదు. పైగా పాత ఫైలు వేరే ఊళ్లోనో, ఒడిశాలోనో ఉండిపోయిన రోగికి ఎన్ని కీమోలు అయ్యాయో తేల్చుకోవడానికే ఓపీలో సగం పూట పోతుంది.

కాబట్టి విశాఖ ఓపీలో స్కాన్ ఉంటే మూడంశాలు, లేకుంటే రెండంశాలు చాలు. డాక్టరు ముందుగా తన అంచనా రాసుకుని ఆ పక్కన స్కోరు వేసుకుంటే ఆశ ఎంత ఎక్కువ పాలు కలిసిందో తెలుస్తుంది. గడువు తక్కువని తేలినంత మాత్రాన రేడియేషనే వద్దనడం మాత్రం సరికాదు. ఆ నెదర్లాండ్స్ రోగుల్లో 12 వారాలలోపే మరణించినవారిలోనూ దాదాపు సగం మందికి నొప్పి తగ్గింది. కాకపోతే ఉపశమనం పూర్తిగా తెలియడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు గనుక, అలాంటివారికి ఒకే సిట్టింగు ఇచ్చి, మార్ఫిన్ చీటీ చేతిలో పెట్టి అదే రోజు ఊరికి పంపడం మేలు.