1248 సీసీ డీజిల్ ఇంజన్: మీటర్ రీడింగ్ కాదు, ఆయిల్ గేజ్ చూడండి

కడప ఆర్టీసీ గ్యారేజీలో నా సర్వీసంతా పెద్ద డీజిల్ ఇంజన్ల మధ్యే గడిచింది. రిటైరయ్యాక కూడా చేతికి గ్రీజు తప్పలేదు. చుట్టాల్లోనో వీధిలోనో ఎవరైనా సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారంటే చాలు, ముందు నన్ను వెంటబెట్టుకుని పోతారు. పోయి బానెట్ ఎత్తితే ఎక్కువసార్లు కనిపించేది ఒకటే ఇంజన్. ఫియట్ వాళ్ల 1248 సీసీ ఇంజన్, అందరూ పిలిచేది 1.3 మల్టీజెట్ అని.

స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో దాని పేరు డీడీఐఎస్. టాటా విస్టా, మాంజాల్లో క్వాడ్రాజెట్. పుంటో, లీనియాల్లో మల్టీజెట్ అనే పిలిచారు. మూతల మీద పేర్లు మారాయి గానీ లోపలి సామాను ఒకటే. 2003లో పోలండ్‌లో తయారీ మొదలైంది. 2007లో స్విఫ్ట్ డీజిల్‌గా మన దగ్గరికి వచ్చింది. దేశంలో ఇన్ని కంపెనీల బండ్లలో కూర్చున్న డీజిల్ ఇంజన్ ఇంకోటి లేదని దీనికి జాతీయ ఇంజన్ అని సరదా పేరు కూడా పడింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లే మానేసింది. కాబట్టి ఇప్పుడు ఈ ఇంజన్ కావాలంటే ఎవరో ఒకరు వాడిన బండే కొనాలి. ఆ వాడినవాళ్లు ఎట్లా వాడారన్నదే అసలు సంగతి.

ముందు ఇంజన్ గురించి నాలుగు ముక్కలు. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, బోర్ 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 82. మామూలు టర్బో (పొగ తోపుకు తిరిగి ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే పంకా) ఉన్న రకం 4000 ఆర్‌పీఎం దగ్గర 75 హార్స్‌పవర్, 2000 దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఇదే ఇంజన్‌కు రెక్కల కోణం మారే వీజీటీ టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తగిలించి ఎర్టిగా, సియాజ్, బ్రెజాల్లో 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్లు రాబట్టారు. కామన్ రైల్ కదా, పంపు డీజిల్‌ను ఒక గొట్టంలో వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో నిలబెడుతుంది. కంప్యూటర్ చెప్పినప్పుడు ఇంజెక్టర్లు దాన్ని ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా, ఐదు విడతల దాకా, చిమ్ముతాయి. పాత డీజిల్ బండ్ల టకటక ఇందులో తగ్గింది అందుకే. బస్సుల్లో మేం పంపు టైమింగ్ చేత్తో తిప్పి సెట్ చేసిన కాలం నుంచి వచ్చినవాడిని. మొదటిసారి ఈ ఇంజన్ చూసినప్పుడు ఇంత చిన్న దాంట్లో ఇంత పని పెట్టారా అనుకున్నా.

నడపడంలో దీని గుణం తెలియాలంటే రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కించాలి. 2000 దాటేదాకా టర్బో నిద్ర లేవదు. లోడు లారీ వెనక చిక్కుకుని మూడో గేర్‌లోనే ఈడ్చుకుపోదామంటే బండి ఉసూరుమంటుంది. మొహమాటం లేకుండా రెండో గేర్ వేయండి. ముల్లు 2000 దాటిందా, సీటులో వీపు వెనక్కి ఆనేలా లాగుతుంది. ఏసీ వేసుకుని ఐదుగురు కూర్చున్నా ఘాట్ మీద వెనకాడదు. గేర్ మార్చడానికి బద్ధకించేవాళ్లకు మాత్రం ఈ ఇంజన్ నచ్చదు, క్లచ్ ప్లేటు కూడా తొందరగా కాలుతుంది.

ఘాట్ ఎక్కినవాళ్లు చాలామంది గువ్వలచెరువులో కోవా కోసం బండి ఆపి, ఆపగానే తాళం తిప్పేస్తారు. టర్బో అప్పటికి నిప్పులా ఉంటుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే షాఫ్ట్‌ను కాపాడేది బేరింగ్‌లో ఉన్న పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఇంజన్ ఆగితే ఆయిల్ రావడం ఆగుతుంది, మిగిలింది అక్కడే మాడి బొగ్గవుతుంది. ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి. కోవా ఎక్కడికీ పోదు.

ఇక జబ్బుల్లో పెద్దది టైమింగ్ చైన్, అంటే వాల్వులు వేళకు తెరుచుకుని మూసుకునేలా తిప్పే గొలుసు. దీంట్లో బెల్టు లేదు, చైన్ ఉంది. చైన్ కాబట్టి జీవితకాలం చూడక్కర్లేదని అమ్మేటప్పుడు చెప్పారు. ఆ మాట సగమే నిజం. ఆ చైన్ సన్నటి ఒంటి వరుసది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీద. ఆయిల్ మడ్డిగా మారినా, లెవెల్ తగ్గినా టెన్షనర్ పట్టు సడలుతుంది, చైన్ కొట్టుకుంటుంది, పిన్నులు అరిగి సాగుతుంది. ఇంకో చిక్కుంది. బస్సు ఇంజన్‌లో పది లీటర్లకు పైనే ఆయిల్ పట్టేది, అర లీటరు తగ్గినా దానికి లెక్కలేదు. దీని సంప్‌లో, అంటే అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, పట్టేది సుమారు మూడు లీటర్లు. అర లీటరు తగ్గిందంటే ఆరో వంతు పోయినట్టు. మసి, వేడి, అరుగుదల అంతా మిగిలిన ఆ కాస్త ఆయిలే మోయాలి. పుస్తకంలో పదివేల కిలోమీటర్లకు మార్చమని ఉంటుంది. మే నెల కడప ఎండలో, టౌన్‌లో నడిచే బండికి నేనైతే అంతదాకా ఆగను, ఏడెనిమిది వేలకే మార్పిస్తా. గ్రేడ్ మాత్రం మాన్యువల్‌లో రాసిందే పోయండి. లారీకి తెచ్చిన డబ్బాలో మిగిలింది కదా అని ఇందులో వంచేవాళ్లను కళ్లారా చూశాను.

ఆ మధ్య మా అన్న కొడుకు ఢిల్లీ బండి ఒకటి బేరం పెట్టాడు. అప్పట్లో అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కారు రోడ్డెక్కకూడదనేవాళ్లు కాబట్టి ఎన్‌ఓసీతో, అంటే వేరే రాష్ట్రానికి మార్చుకునే అనుమతి పత్రంతో, చవగ్గా ఇటు దిగేవి. చూపు బాగుంది, మీటర్ అరవై వేలు చూపిస్తోంది. "చిన్నాయనా, ఒక్కసారి వచ్చి చూడు, అడ్వాన్స్ ఇచ్చేస్తా" అన్నాడు. పొద్దున్నే ఏడింటికి ఆ పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీ దగ్గరికి పోయాం. షట్టర్ అప్పుడే ఎత్తుతున్నారు. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అంటే మేం వచ్చేలోపే ఒకసారి స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారు. స్టార్ట్ చేయమంటే కుట్టుమిషన్‌లా నున్నగా తిరిగింది. నేనేం మాట్లాడలేదు. రేపు వస్తాం, మేం వచ్చేదాకా తాళం పెట్టొద్దని చెప్పి వచ్చేశాం.

మర్నాడు బానెట్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే ఇంజన్ కుడిపక్క, చైన్ కవర్ వైపు నుంచి గరగరమని ఇనుము ఈడ్చిన చప్పుడు. మూడు సెకన్లో నాలుగో, అంతే. ఆయిల్ ప్రెషర్ ఎక్కగానే మాయమైంది. కన్సల్టెన్సీ అబ్బాయి నవ్వుతూ "డీజిల్ అన్నాక సౌండ్ ఉంటది కదా సార్" అన్నాడు. ఉంటుంది నాయనా, కానీ డీజిల్ చప్పుడు ఇంజన్ తిరిగినంతసేపూ ఉంటుంది, ఇట్లా వచ్చి పోదు. ఆయిల్ గేజ్ లాగి చూస్తే లెవెల్ కింది గీతకు కూడా అందలేదు. వేళ్ల మధ్య రుద్దితే చెరువు మట్టిలా గరుకుగా తగిలింది. డీజిల్‌లో ఆయిల్ నల్లబడటం తప్పు కాదు, అది దాని పని. గరుకు తగిలితే మాత్రం పని అయిపోయినట్టే. ఇక మీటర్ మీది అరవై వేలు ఎవరికి కావాలి?

చైన్ మార్చడం చిన్న పనేం కాదు. ముందు కవర్ విప్పాలి, సంప్ దించాలి, టైమింగ్ లాక్ చేసే టూల్స్ కావాలి. చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు, పళ్ల చక్రాలు కలిపి కిట్ మొత్తం వేయాలి. చైన్ ఒక్కటే వేస్తే తక్కువకు అవుతుందని చెప్పే మెకానిక్‌కు దండం పెట్టి వచ్చేయండి. అసలు మార్చకుండా నడిపితే ఒకరోజు చైన్ పన్ను దాటుతుంది. అదృష్టం బాగుంటే వాల్వులను నొక్కే రాకర్లు విరగడంతో పోతుంది, లేదంటే వాల్వులు వంగి హెడ్ దించాల్సిందే. మావాడికి ఇదంతా చెప్పి, కిట్టు, కూలీ రేటులో తగ్గిస్తే తీసుకుందామన్నాను. అవతల ఒప్పుకోలేదు, మేమూ బలవంతం చేయలేదు.

మిగతా జబ్బులు దీనితో పోలిస్తే జలుబు లాంటివి. పికప్ తగ్గి నల్ల పొగ వస్తుంటే ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజన్లోకి పంపేది) మసి పట్టి తెరుచుకునే బిగుసుకుపోయి ఉండొచ్చు. విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. టర్బో నుంచి గాలి పోయే రబ్బరు గొట్టం పగిలినా ఇదే లక్షణం, పైగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమంటుంది. గొట్టం మీద ఆయిల్ చెమ్మ ఎక్కడుందో చూడండి, చీలిక అక్కడే ఉంటుంది. స్కానర్ పెట్టి సెన్సార్ మార్చేయమనేవాళ్లు ముందు ఈ గొట్టం తడిమి చూస్తే కస్టమర్‌కు డబ్బులు మిగులుతాయి. నీలం పొగ వస్తే టర్బో సీలు గానీ రింగులు గానీ ఆయిల్ తాగుతున్నట్టు. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీసి చూడండి. కొంచెం ఆవిరి సహజం. మూత ఎగిరేంతగా తోస్తుంటే సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకొచ్చినట్టు.

ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఎయిర్ ఫిల్టర్ గురించి. సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, నాపరాయి దుమ్ము. ఆ పక్క తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు పనికిరాదు. దులిపి మళ్లీ పెట్టడం కాదు, మార్చేయండి. డీజిల్ ఫిల్టర్‌లో అడుగున చేరిన నీళ్లు సర్వీసుకు సర్వీసుకు వదలాలి. ఒక్క చుక్క నీళ్లు ఇంజెక్టర్ మొనకు చేసే నష్టం చాలా ఉంది. ఇంజెక్టర్ల మీద అనుమానం ఉంటే రిటర్న్ గొట్టాలకు నాలుగు సీసాలు కట్టించి టెస్ట్ చేయించండి. ఏ సీసా తొందరగా నిండితే దొంగ ఆ ఇంజెక్టరే.

కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న విషయంలో మాత్రం ఈ ఇంజన్‌కు వంక పెట్టలేను. డిపోలో ఆ లెక్క మీదే బతికినవాడిని కాబట్టి చెబుతున్నా. 2017 డిజైర్‌కు కంపెనీ చెప్పుకున్న లెక్క లీటరుకు 28.40, అది మన రోడ్ల మీద రాదు. ఏసీతో హైవే మీద ఒద్దికగా నడిపితే ఇరవై పైన తేలిగ్గా వస్తుంది. స్పేర్లు కడపలో ఏ షాపులోనైనా దొరుకుతాయి, విప్పి బిగించడం తెలిసిన కుర్రాళ్లకూ కొదవ లేదు. ప్రొద్దుటూరు, పులివెందుల రోజూ తిరిగేవాళ్లు, తిరుపతికి ట్రిప్పులు వేసేవాళ్లు కళ్లు మూసుకుని కాదు గానీ, చెవులు తెరుచుకుని కొనండి. 75 రకం చాలు. వీజీటీ ఉన్న 90 రకం ఘాట్ మీద ఇంకా హాయిగా లాగుతుంది, కాకపోతే మసి పట్టి రెక్కలు బిగుసుకుంటే టర్బో బిల్లు గట్టిగా పడుతుంది. ఇంట్లోంచి ఏడు రోడ్ల కూడలి దాకా కూరగాయలకు పోయి వచ్చేవాళ్లు పెట్రోల్ కారు చూసుకోండి. ఇంజన్ వేడెక్కకముందే ఆపేసే వాడకానికి ఈజీఆర్, టర్బో రెండూ మసిబారుతాయి, ఆదా అయ్యే డీజిల్ డబ్బు మెకానిక్ జేబులోకే పోతుంది.