నీటి వంతుల పట్టికకి గూగుల్ షీట్స్: కొన్ని దాళ్వాలు వాడాక

షీట్స్‌లో పట్టిక ఎలా చేయాలో చెప్పను, అది బళ్లో పిల్లలకీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది వెర్షన్ హిస్టరీ, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే చరిత్ర, ఒక్కదాని గురించే. మా బోదె (పొలాలకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) కింద రైతులు ఈరోజుకీ ఒకరినొకరు పలకరించుకుంటున్నారంటే అందులో దాని పుణ్యం చాలా ఉంది.

మాది కోనసీమ, గోదావరి మధ్య డెల్టా. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, నీళ్లకి తగువుండదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నది తగ్గిపోయి ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూసే రోజులొస్తే మాత్రం వంతులు మొదలవుతాయి. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. అయినా మా బోదె కింద ఎవరి వంతు ఎప్పుడన్నది మేమే కూర్చుని రాసుకుంటాం. అదివరకు నోటుపుస్తకంలో రాసేవాళ్లం, కొట్టివేతలు పడ్డ ప్రతిసారీ గొడవే. అందుకే షీటుకి మారాం: రైతు పేరు, సర్వే నంబరు, ఎకరాలు, తూము తెరిచే గంట, మూసే గంట.

ఒక దాళ్వాలో చేలన్నీ పొట్ట మీదున్నాయి, వెన్ను బయటికి రాబోయే దశ. అప్పుడు ఒక్క తడి తప్పినా గింజ తాలవుతుంది. బోదె చివర పొలమున్న శివారు రైతు ఒకాయన రాత్రి వంతుకి టార్చి పట్టుకుని వెళ్తే, ఎగువ చేను పెద్దాయన అప్పటికే నీళ్లు మళ్లించుకున్నాడు. ‘‘నా వంతండీ ఇది, నిన్ననే చూసుకున్నా.’’ ‘‘నా పేరే ఉంది చూడవయ్యా.’’ ఫోను తెరిస్తే నిజంగానే పెద్దాయన పేరుంది. తెల్లారేసరికి, ఎగువ వాళ్లు పట్టిక మార్చేశారని ఊరంతా పాకింది.

కంప్యూటర్‌లో వెర్షన్ హిస్టరీ తెరిచాం. ఎవరి మార్పులు వారి రంగులో, పేరుతో, టైముతో కనిపిస్తాయి. ముందురోజు సాయంత్రం పేర్ల గడులన్నీ ఒకేసారి మారాయి, పక్కన గంటలు మాత్రం కదల్లేదు. వాళ్ల నాన్న పేరు తొందరగా దొరుకుతుందని ఒక కుర్రాడు పేర్ల వరుస ఒక్కటే ఎంచుకుని అక్షర క్రమంలో పెట్టాడు. దాంతో ఒకరి పేరు ఇంకొకరి గంటల పక్కన పడింది. పెద్దాయన చేతి మార్పు అందులో ఒక్కటీ లేదు. ఆ మాట అందరి ముందూ తేలాక శివారు రైతే ఆయన దగ్గరికి వెళ్లి, ‘‘తొందరపడి మాట జారాను బాబాయ్’’ అన్నాడు. పెద్దాయన తన వంతులో ఒక రాత్రి ఆయనకి వదిలేశాడు.

దొంగని పట్టుకోవడానికి పనికొస్తుందనుకున్నది, తప్పు చేయని మనిషిని కాపాడింది. అది నేను మర్చిపోలేను. పాత వెర్షన్‌కి వెళ్లినా తర్వాతి మార్పులు చెరిగిపోవు, అవీ చరిత్రలోనే ఉంటాయి. తెలుగు వికీపీడియాలో 2003 నుంచీ ముక్కూమొహం తెలియనివాళ్లు కలిసి రాయగలుగుతున్నారంటే, ప్రతి వ్యాసానికీ ఉన్న ‘చరిత్ర’ ట్యాబు అందుకు పెద్ద ఆసరా అని నాకప్పుడు అర్థమైంది.

ఈ సంగతి జరిగిన కొత్తలో పక్క ఊళ్లవాళ్లందరికీ షీటే వాడమని చెప్పాను. ఇప్పుడు అడిగితే కొంచెం ఆగి చెబుతాను. లింకు ఉన్నవాళ్లెవరైనా మార్చొచ్చని పెడితే, లాగిన్ కాకుండా మార్చినవాళ్ల పేరు చరిత్రలో రాదు. చూడటానికి మాత్రమే హక్కున్నవాళ్లకి హిస్టరీ అసలు తెరుచుకోదు. మా దగ్గర కౌలు రైతులే ఎక్కువ. భూమి రికార్డులో యజమాని పేరుంటుంది, రాత్రి బోదె గట్టు మీద నిలబడేది కౌలుదారు. అందుకని షీటులో కౌలుదారు పేరుకి వేరే వరుస పెట్టేదాకా లెక్క కుదరలేదు. వంతు మార్చినవాళ్లు కారణం కామెంటులో రాయాలన్న కట్టుబాటు కూడా గొడవపడ్డాకే వచ్చింది, అదేమీ షీటుతో పాటు రాలేదు. స్మార్ట్‌ఫోను లేనివాళ్ల కోసం వారం పట్టిక ప్రింటు తీసి రామాలయం గోడకి అంటిస్తున్నాం, అది ఆపే ఆలోచన లేదు.

మాది చిన్న బోదె, అందరూ ముఖపరిచయం ఉన్నవాళ్లు, కంప్యూటర్ తెరిచి చూపించేవాళ్లు ఒకరిద్దరున్నారు. అందుకే మాకు కుదిరింది. పెద్ద కాలువకి ఇది సరిపోతుందని గట్టిగా చెప్పలేను. ఈ దాళ్వాకి పేర్లు, సర్వే నంబర్ల వరుసలు ఎవరూ కదపకుండా ప్రొటెక్ట్ చేశాం. కౌలు రైతులందరికీ ఎడిట్ హక్కు ఇవ్వాలని, అప్పుడే వాళ్లూ చరిత్ర చూడగలరని నేనంటున్నాను. యజమానులు కొందరు ఇంకా ఒప్పుకోలేదు.