వాలు స్థలంలో స్ప్లిట్ లెవెల్ ఇల్లు: ఏళ్ళ తరబడి ఉన్నాక నా రివ్యూ

వైజాగ్‌లో మధురవాడ, ఎండాడ వైపు స్థలం కొన్నవాళ్ళకి ఈ తలనొప్పి తెలుసు, లేఅవుట్ కాగితం మీద అంతా చదునే, వెళ్ళి చూస్తే రోడ్డు దగ్గర పల్లం, వెనక మెరక. మాది 30 బై 50, తూర్పు రోడ్డు, ముందుకీ వెనక్కీ అయిదడుగుల తేడా. పడమర మెరక, తూర్పు పల్లం కాబట్టి వాస్తు చూసినాయన మారుమాట లేకుండా సరే అనేశాడు, అంత తేలిగ్గా తేలింది అదొక్కటే.

మేస్త్రీ మాత్రం ముందువైపు గోడ లేపి గ్రావెల్ తోలించి లెవెల్ చేసేద్దాం అన్నాడు, చాలామంది చేసేదీ అదే. కానీ అయిదడుగుల ఫిల్లింగ్ అంటే పొరలు పొరలుగా నీళ్ళు కొట్టి దిమ్మిస చెయ్యాలి, లేకపోతే కుంగి టైల్స్ పగుల్తాయి, పైగా పిల్లర్ల పునాది ఎలాగూ పోసిన మట్టి దాటి గట్టినేల దాకా దిగాల్సిందే, ఇంక మిగిలేదేముంది. అందుకే స్ప్లిట్ లెవెల్ అనుకున్నాం, అంటే వాలుని అలాగే ఉంచి ముందు గదులకీ వెనక గదులకీ సగం అంతస్తు ఎత్తు తేడాతో కట్టడం. రోడ్డు లెవెల్లో కారు, దాని వెనక ఓ గది. ఆరంగుళాల మెట్లు పది ఎక్కితే హాలు, వంటిల్లు, ఒక బెడ్‌రూమ్, అక్కణ్ణించి పెరట్లోకి నేరుగా నడిచి వెళ్ళిపోవచ్చు. ఇంకో పది ఎక్కితే కారు పైన రెండు బెడ్‌రూములు.

ఉండటానికి మాత్రం హాయిగా ఉంటుంది. ఒక్కసారిగా ఇరవై మెట్లు ఎక్కే బాధ లేదు, వంటింట్లోంచి కేకేస్తే పైగదిలో పిల్లలకి వినబడుద్ది (విననట్టు నటిస్తారు, అది వేరే సంగతి), కింద గది మే నెల్లో కూడా చల్లగా ఉంటుంది ఎందుకంటే దాని వెనక గోడకి అవతల ఉన్నది హాలు కింద మట్టి.

అసలు గొడవ ఆ గోడతోనే. అక్టోబర్ నవంబర్ వాయుగుండాల టైంలో పైనుంచి వచ్చే ఊట అంతా అక్కడికే చేరుద్ది, పెయింట్ బుడగలు లేస్తుంది, గోరుతో గీరితే ఉప్పులాంటి తెల్లపొడి రాలుద్ది. కాంట్రాక్టర్ గోడ వెనక కంకర వెయ్యకుండా తవ్విన ఎర్రమట్టే తిరిగి పూడ్చేశాడని తర్వాత తెలిసింది. లోపలినుంచి ఎన్ని వాటర్‌ప్రూఫ్ పూతలు వేసినా నీళ్ళు అవతలే ఉంటే ఏం లాభం, హాలు కింద తవ్వలేం కదా. చివరికి పెరట్లో ఇంటికి ఎగువన అడ్డంగా కాలవ తీసి, చిల్లుల పైపు వేసి, కంకర కప్పి, పక్క సందులోంచి రోడ్డు కాలవలో కలిపాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. మీరు కట్టేటప్పుడే ఇది చేయించండి, తర్వాతైతే రెండింతల ఖర్చు. వెనక రిటైనింగ్ వాల్‌కి (మెరక మట్టి జారకుండా ఆపే గోడ) వీప్ హోల్స్, అంటే నీళ్ళు బయటికి పోయే చిల్లులు కూడా మర్చిపోవద్దు, వానకి వాటిల్లోంచి నీళ్ళు కారుతుంటే అది రిపేర్ కాదు, గోడ తన పని తను చేస్తోందని లెక్క. కారడం ఆగిపోతేనే కంగారు పడాలి.

రెండు స్లాబులు వేరే ఎత్తుల్లో ఉంటాయి కదా, కింది స్లాబు పై గోడకి తగిలే మూల కూడా కారుద్ది, వేసవిలో ఓసారి చూసుకుంటే చాలు. వాటర్ ట్యాంక్ మాత్రం ఎత్తు స్లాబు మీదే పెట్టండి, లేకపోతే పై బాత్రూంలో షవర్ చుక్కలు చుక్కలుగా వస్తుంది. హాల్లో ఏసీ వేస్తే చల్లదనం మెట్లమీంచి కారు దగ్గరికి దిగిపోయేది, మెట్ల మొదట్లో గాజు తలుపు పెట్టించాక కరెంటు బిల్లు దారికొచ్చింది.

ఇంక పెద్దవాళ్ళ సంగతి. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక హాలు లెవెల్లో ఉన్న ఆ ఒక్క బెడ్‌రూమే మమ్మల్ని కాపాడింది, కానీ ఆస్పత్రికి వెళ్ళాలంటే పది మెట్లు తప్పవు. ర్యాంప్ వేద్దామంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలి, అంటే అయిదడుగులకి అరవై, మా స్థలమే యాభై. లిఫ్ట్ పెట్టించుకోవచ్చు కానీ ఒక లెవెల్లో ముందుకి, ఇంకో లెవెల్లో వెనక్కి తెరుచుకునే రెండు తలుపుల రకం కావాలి, ఆ జాగా ప్లాన్‌లో ముందే వదలాలి.

అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటీ చెమ్మకే తగ్గించా. నాలుగైదు అడుగుల తేడా ఉంటే కళ్ళు మూసుకుని ఇదే కట్టుకోండి. రెండడుగులకైతే ఇదంతా అక్కర్లేదు, బేస్‌మెంట్ ఎత్తులోనే సర్దుకుపోద్ది.