కంపెనీ పేరోల్, కాంట్రాక్టరు పేరోల్, చేతికి నగదు: ఏది మేలు?

మా అక్క కొడుకు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి, అప్రెంటిస్ కూడా పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటూ అనంతపురం వచ్చాడు. వారం తిరక్కుండానే మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ నా చేతికిచ్చి అడిగాడు: "మామా, ఒకాయన కంపెనీ పేరోల్ అంటాండాడు, ఇంకొకాయన థర్డ్ పార్టీ పేరోల్ అంటాండాడు, షాపాయనేమో రోలూ గీలూ లేదు, నెల నెలా చేతికిస్తా అంటాండాడు. పేరోల్ అంటే జీతమేనా? ఏది మేలు?"

ఇరవై ఏళ్లుగా నేను ఒక ఆడిటర్ దగ్గర జీతాల లెక్కలే చూస్తున్నా. ఈ ప్రశ్న మా వాడొక్కడిదే కాదు. పెనుకొండ వైపు ఫ్యాక్టరీలకు పోయే పిల్లలు, ఎర్రగుంట్ల సిమెంటు పనులకు పోయేవాళ్లు, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో చేరేవాళ్లు అందరూ ఎదుర్కొనేదే. అందుకే వాడికి చెప్పింది ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నా.

ముందు మాట సంగతి. పేరోల్ అంటే జీతం కాదు. జీతం పొందేవాళ్ల జాబితా. పాతకాలంలో పేర్లు పొడవాటి కాగితం మీద రాసి చుట్ట చుట్టి పెట్టేవాళ్లు, ఆ చుట్టే రోల్. మనకు ఇది కొత్త మాటేమీ కాదు. ఉపాధి హామీ పనికి పోయిన ప్రతి ఇంట్లో మస్టరు అనే మాట తెలుసు, అది మస్టర్ రోల్‌కు కురచ రూపం. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. మస్టర్‌లో పేరుంటేనే కూలి పడేది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఎన్‌ఎంఆర్ కార్మికులు అంటారే, అందులో చివరి అక్షరం కూడా ఈ రోలే. కంపెనీల్లో ఈ మాటను ఇంకో రెండు రకాలుగానూ వాడతారు. "ఈ నెల పేరోల్ నలభై లక్షలు" అంటే మొత్తం జీతాల ఖర్చు. "పేరోల్ వాళ్లను అడుగు" అంటే జీతాలు వేసే విభాగం. ఉద్యోగంలో చేరేవాడికి మాత్రం అక్కరకొచ్చేది మొదటి అర్థమే: నా పేరు ఎవరి జాబితాలో ఉంది?

కడప సెంట్రల్ జైలు వార్తల్లో కనిపించే పెరోల్ వేరే మాట. అది ఖైదీకి ఇచ్చే తాత్కాలిక సెలవు. దరఖాస్తుల్లో "పెరోల్ ఉద్యోగం" అని రాసేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నా, దీర్ఘం వదలొద్దు.

ఇప్పుడు మూడు ఉద్యోగాలు. షాపులో నెలకు 16,000, చేతికి. థర్డ్ పార్టీ, అంటే కాంట్రాక్టరు, పంపిన మెసేజ్‌లో సీటీసీ 17,288. కంపెనీ వాళ్లది 15,000, అంతా బేసిక్, డీఏ. మా వాడు అంకెలు చూసి కాంట్రాక్టరును మొదట, కంపెనీని చివర పెట్టుకున్నాడు. కాగితం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం.

కంపెనీ 15,000లో పీఎఫ్‌కు 12 శాతం కింద 1,800 పోతుంది. ఈఎస్‌ఐకి, అంటే కార్మికుల ఆరోగ్య బీమాకు, 0.75 శాతం కింద 113. వృత్తి పన్ను మన రాష్ట్రంలో 15,000 దాకా లేదు. చేతికొచ్చేది 13,087. కంపెనీ తన వైపు నుంచి పీఎఫ్‌కు మరో 1,800, ఈఎస్‌ఐకి 3.25 శాతం కింద 488 కడుతుంది. ఇప్పుడు 15,000కు ఆ 1,800, 488 కలిపి చూడమన్నా. కలిపాడు. 17,288. కాంట్రాక్టరు ఎక్కువ ఇవ్వడం లేదు, యజమాని కట్టాల్సిన వాటాలను కూడా కలిపి పెద్ద అంకెగా చూపించాడు. రెండు చోట్లా చేతికొచ్చేది అదే 13,087. ఆఫర్‌లో సీటీసీ అని ఉంటే అది మన జీతం కాదు, మనకోసం వాళ్లకయ్యే మొత్తం ఖర్చు. యజమాని పీఎఫ్ వాటాను మన జీతంలోంచి కోయడం చట్టం ఒప్పుకోదు. అందుకే చేరేముందు "గ్రాస్ ఎంత, కటింగ్‌లు పోను చేతికెంత" అని రెండే అంకెలు అడగాలి.

ఇంక షాపు. 16,000కూ 13,087కూ తేడా 2,913. చూడ్డానికి పెద్ద తేడానే, ఇంటి బాడుగలో సగం. కానీ అందులో 1,913 మన వాటాగా కోసిందే. అందులో 1,800 మన పేరు మీదే జమవుతుంది. అసలు తేడా 1,000. ఆ వెయ్యి వదులుకుంటే యజమాని కట్టే 2,288 వస్తుంది. ఆయన పీఎఫ్ వాటా 1,800లో 1,250 పింఛను పథకానికి, 550 మన ఖాతాకు చేరతాయి. అంటే ఖాతాలో నెలకు 2,350 పెరుగుతుంది, దాని మీద వడ్డీ వేరే. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పింఛను. ఉద్యోగంలో ఉండగా ఏదైనా జరగరానిది జరిగితే ఇంట్లోవాళ్లకు 7 లక్షల దాకా బీమా. దానికి మన జీతంలోంచి ఒక్క రూపాయీ కోయరు.

ఈఎస్‌ఐ మాట వచ్చినప్పుడు మా వాడు "113కు ఏమొస్తుంది మామా" అన్నాడు. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. కార్డు మీద తనకే కాదు, తన మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ వైద్యం దొరుకుతుంది. జబ్బుచేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం ఇస్తారు. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే 90 శాతం. ఫిట్టర్ పని చేసేవాడికి ఇది చిన్న విషయం కాదు. వేలు మెషిన్‌లో పడితే షాపాయన ఎంత మంచివాడైనా కట్టు కట్టించి ఓ వారం జీతం ఇస్తాడు, అంతకుమించి ఆయన మాత్రం ఏం చేయగలడు?

షాపాయన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పీఎఫ్ చట్టం 20 మంది, ఈఎస్‌ఐ 10 మంది పనిచేసే చోట్లకు. అయిదుగురితో నడిచే షాపుకు ఆ బాధ్యత లేదు. 20 మందికి పైగా ఉండి కూడా రోల్‌లో ఎనిమిది పేర్లే చూపించే చోట్లు ఉన్నాయి చూడండి, నా కోపం వాళ్ల మీద. అట్లాంటి చోటే నేను మొదట అయిదేళ్లు పనిచేశా. నా పేరు ఉన్నది మేనేజరు జేబులోని చిన్న నోటుబుక్కులో, అదీ పెన్సిల్‌తో. నెలాఖరున జీతం ఇచ్చి పేరు పక్కన టిక్కు పెట్టేవాడు. మానేసి వచ్చేటప్పుడు అనుభవం ఉన్నట్టు ఒక్క కాగితం అడిగితే "నువ్వు మా రోల్‌లో లేవు కదప్పా" అన్నారు. ఆ అయిదేళ్లూ ఎక్కడా లెక్కకు రాలేదు. బండి లోనుకు పోతే బ్యాంకువాళ్లు పేస్లిప్ అడిగారు, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నా లాభనష్టాల లెక్కలో ఆ అయిదేళ్ల కోత ఇప్పటికీ పూడలేదు.

కాంట్రాక్టరు పేరోల్ సంగతి ఇన్ని మాటల్లో తేల్చేది కాదు. గేటు ఒకటే, యూనిఫాం దాదాపు ఒకటే, లైనులో పక్కపక్కనే పని. పేస్లిప్ పైన ఉన్న పేరే వేరు. కాంట్రాక్టరు నికార్సయినవాడైతే నెలనెలా పీఎఫ్ కడతాడు, ఇబ్బంది లేదు. కానీ కాంట్రాక్టు మారినప్పుడల్లా మన యజమాని మారతాడు. సర్వీసు మళ్లీ ఒకటి నుంచి మొదలైనట్టు రాస్తారు, గ్రాట్యుటీకి, అంటే మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తానికి, కావాల్సిన అయిదేళ్లు నిండవు. పాత యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడి నంబరు, ఇవ్వకుండా కొత్తది తీయించుకుంటే పింఛను సర్వీసు కూడా ముక్కలవుతుంది. 12 అంకెల ఆ నంబరు జీవితాంతం ఒకటే ఉండాలి. ఒకవేళ కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ ఇవ్వాలన్న నియమం 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది, దాని బదులు వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. ఇది తెలియక రెండు నెలల జీతం వదిలేసి ఊరికి పోయిన పిల్లల్ని చూశా.

ప్రభుత్వ ఆఫీసుల్లో అవుట్‌సోర్సింగ్ కూడా ఇదే కోవ. ఏజెన్సీల బదులు ఒక కార్పొరేషన్ ద్వారా జీతాలివ్వడానికి 2020 జులైలో ఆప్కాస్ మొదలైంది. అయినా పేరు ఉన్నది కార్పొరేషన్ రోల్‌లో, శాఖ రోల్‌లో కాదు.

కంపెనీ పేరోల్ అన్నాక కూడా ఒక్క మాట అడగాలి: పర్మనెంటా, ఫిక్స్‌డ్ టర్మా? మా వాడిది ఏడాది ఒప్పందం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకు ఏడాది పనికే గ్రాట్యుటీ హక్కు ఉంది, అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాలి. అందుకని ఏడాది ఒప్పందమే అయినా కాంట్రాక్టరు రోల్ కంటే నాకు ఇదే మేలనిపించింది.

అందరికీ ఇదే చెబుతానా అంటే, లేదు. ఇంట్లో వడ్డీ అప్పు ఉండి నెలకు ఆ మూడు వేలు లేనిదే గడవదంటే షాపులో ఆరు నెలలు చేయడం తప్పు కాదు, ఇంకో చోటు వెతుక్కుంటూ చేయాలి అంతే. కంపెనీలో తలుపు మూసుకుని, కాంట్రాక్టరు దగ్గర తెరుచుకుంటే చేరొచ్చు. పని నేర్చుకునే చోటు అదే కదా. పీఎఫ్ కిందటి నెలది ఈ నెల 15 లోపు కట్టాలి కాబట్టి 20వ తేదీ ప్రాంతంలో పాస్‌బుక్ చూసుకుంటుండాలి. రెండు నెలలు వరసగా ఖాళీ ఉంటే ఇంక అక్కడ ఉండొద్దు.

మా వాడు కంపెనీకే ఒప్పుకున్నాడు. చేరేముందు వాడి కాగితాలన్నీ తెప్పించి చూశా. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో పేరు ముందూ ఇంటిపేరు వెనకా. మన వైపు పీఎఫ్ డబ్బులు ఆగిపోయేది చాలావరకు ఇక్కడే. మరుసటి రోజు ఇద్దరం ఆధార్ సెంటరుకు, అక్కడి నుంచి బ్యాంకుకు పోయి మూడు చోట్లా పేరు ఒకేలా ఉండేట్టు మార్పించుకొచ్చాం. ఆ తర్వాతే జాయినింగ్ ఫారం నింపాడు.