చిగుళ్లకి ప్రోబయోటిక్ మాత్రలు కొంటున్నారా? ముందు డబ్బా వెనక్కి తిప్పండి

శ్రీకాకుళం టౌన్‌లో ఒక మందుల షాపు వాళ్లు మా నాన్నకి చిగుళ్ల జబ్బు తగ్గిస్తుందని ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న బాక్టీరియా) డబ్బా ఒకటి అంటగట్టారు. 890 రూపాయలు. ఇలాంటిది మీకూ చూపిస్తే కొనేముందు ఆగండి.

నాన్నకి క్లీనింగ్ అంటే భయం. ‘గీకిస్తే పళ్లు ఒదులైపోతాయిరా’ అంటారు. ఊళ్లో సగం మంది మాట ఇదే. నిజానికి పళ్లని వదులు చేసేది ఏళ్ల తరబడి పేరుకున్న గార, దాని కింద కరిగిపోయిన ఎముక. గార తీశాక సందులు బయటపడతాయి, నింద డాక్టరు మీద పడుతుంది. షాపతను సరిగ్గా ఆ భయాన్నే పట్టుకున్నాడు. ‘క్లీనింగ్ అక్కర్లేదు బాబూ, మంచి బాక్టీరియా వెళ్లి చెడ్డదాన్ని తినేస్తుంది’ అన్నాడట.

కొన్నాళ్లకి రక్తం ఆగిందని నాన్న సంబరపడ్డారు. తీరా చూస్తే, నొప్పి ఉన్న వైపు బ్రష్ తగలనివ్వడం మానేశారు! రక్తం ఎలా వస్తుంది? అన్నట్టు, చుట్ట తాగేవాళ్లకి జబ్బు ముదిరినా రక్తం తక్కువే కనిపిస్తుంది. అడ్డపొగ (చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న అమ్మమ్మలు ఇంట్లో ఉంటే ఇది గుర్తుంచుకోండి.

చివరికి పళ్ల డాక్టరు గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని చిగురు అంచున దించితే 6 మిల్లీమీటర్ల దాకా వెళ్లింది. 3 వరకైతే మామూలే. ఆ లోతున గట్టిపడిన గారని ఏ మాత్రా కరిగించదు, డీప్ క్లీనింగ్ (చిగురు కింద దాకా గార తీయడం) చేయాల్సిందే. పైగా ఆయనకి షుగర్. చిగుళ్లు చెడితే షుగర్ అదుపు తప్పుతుంది, షుగర్ పెరిగితే చిగుళ్లు ఇంకా చెడతాయి.

ప్రోబయోటిక్‌లంటేనే మోసం అనను. లాక్టోబాసిల్లస్ రూటెరీ అనే రకం ఉన్న చప్పరించే బిళ్లల్ని డీప్ క్లీనింగ్‌కి తోడుగా ఇచ్చి చూసిన కొన్ని పరిశోధనల్లో చిగురు సందు లోతు ఇంకాస్త తగ్గింది. కానీ అన్నిట్లో అలా రాలేదు. యూరప్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తోడుగా కూడా వాడొద్దనే సూచించింది. క్లీనింగ్ చేయించుకున్నవాళ్లకే అంతంతమాత్రమైతే, చేయించుకోనివాళ్లకి ఏం ఒరుగుతుంది?

ఇక మా డబ్బా సంగతి. ముందువైపు పెద్ద పన్ను బొమ్మ. వెనక ‘లాక్టోబాసిల్లస్ మిశ్రమం’ అని మాత్రమే ఉంది. ఏ జాతి, ఏ స్ట్రెయిన్ (ఆ జాతిలో ఏ ఉపరకం), గడువు తీరేదాకా ఎన్ని బతికి ఉంటాయి అన్నవి లేబుల్ మీద ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన. ఒక్కటీ లేదు. చల్లని చోట ఉంచమని రాసి ఉంది, షాపులో అది ఎండ పడే అద్దాల అరలో ఉండేది. పైగా నీళ్లతో మింగే క్యాప్సూల్. నోట్లో నిలవకుండా కడుపులోకి పోయేది చిగుళ్లకి ఏం చేస్తుందో మరి! ధర స్టిక్కర్ గోటితో గీరితే కింద ఎక్స్‌పైరీ తేదీ బయటపడింది, ఇంకో నెలే ఉంది.

మూలన చిన్న అక్షరాల్లో ‘వైద్య ఉపయోగానికి కాదు’ అని కూడా ఉంది. అది చూపిస్తే షాపతను ‘అన్నిటి మీదా అలాగే రాస్తారు సార్’ అన్నాడు. సప్లిమెంట్లకి ఆ మాట తప్పనిసరే, నిజమే. అలాంటప్పుడు జబ్బు తగ్గిస్తుందని చెప్పి అమ్మకూడదు కదా!

డబ్బులు వెనక్కివ్వలేదు. చేత్తో రాసిన చీటీ తప్ప బిల్లు లేదు, చీటీ మీద బ్యాచ్ నంబర్ కూడా లేదు. మీరు మాత్రం బ్యాచ్ నంబర్ ఉన్న ప్రింట్ బిల్లు అడిగి తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసేటప్పుడు చేతిలో అది ఉంటే మంచిది.